స్పిన్ డేటా చూసి ఈక్యూ పెట్టా, బేస్ ఇంకా మాయమైంది. ఎక్కడ తప్పు చేశా?

కృష్ణలంక_కుర్రోడు · మే 9, రాత్రి 10:41

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు, ఈసారి తల పట్టుకుని రాస్తున్నా. నెల క్రితం సెకండ్ హ్యాండ్‌లో ఒక జత 6.5 అంగుళాల టూవే (బేస్‌కి వూఫర్, ట్రెబుల్‌కి ట్వీటర్) బుక్‌షెల్ఫ్ స్పీకర్లు తీసుకున్నా, పాసివ్, అంటే లోపల ఆంప్ ఉండదు. రూమ్ 12 బై 10 అడుగులు, శ్లాబ్ ఎత్తు కూడా 10. కింద టైల్స్, చుట్టూ ఇటుక గోడలు. స్పీకర్లు 10 అడుగుల గోడ వైపు, సోఫా ఎదురు గోడకి ఆనించి ఉంది. కంప్యూటర్ నుంచి డాక్ (డిజిటల్‌ని ఆడియో సిగ్నల్‌గా మార్చే డబ్బా), అక్కణ్ణుంచి ఆంప్, ఆంప్ నుంచి స్పీకర్లకి వైరు గోడలోంచే లాగించాం.

మొదటి రోజు నుంచే బేస్ పల్చగా ఉంది. గొంతు మధ్యలో నిలబడాలి కదా, అది నిలబడదు, చెవుల పక్కనెక్కడో తిరుగుతున్నట్టు ఉంటుంది. విచిత్రం ఏంటంటే పక్క గోడ దగ్గర కుర్చీలో కూర్చునే మా అమ్మ మాత్రం ఆ గుద్దుడు ఆపరా బాబూ అంటుంది, నాకేమో బేసే లేదు!

సరే స్పీకర్లే తేడా అనుకుని స్పీకర్ల కొలతలు పెట్టే స్పినోరమా సైట్‌లో వెతికితే ఈ మోడల్‌కి క్లిపెల్ యంత్రంతో కొలిచిన డేటా (అదే స్పిన్ డేటా) దొరికింది, దాంతోపాటు రెడీమేడ్ ఈక్యూ ఫైల్ కూడా, అంటే ఏ ఫ్రీక్వెన్సీ ఎంత పెంచాలో తగ్గించాలో చెప్పే ఫిల్టర్లు. విండోస్‌లో ఈక్యూ వేసే ఈక్వలైజర్ ఏపీఓ సాఫ్ట్‌వేర్‌లో వేశా. సౌండ్ మొత్తం తగ్గిపోయింది, పైన ప్రీఆంప్ -4.2 అని లైన్ ఉంది, అదే కారణమని తీసేశా. బేస్ రాలేదు. తర్వాత మా బాబాయ్ కొడుకు దగ్గర కొలతలకి వాడే యూమిక్-1 మైకు తెచ్చి ఆర్ఈడబ్ల్యూ అనే కొలిచే సాఫ్ట్‌వేర్‌తో స్వీప్ (కింది ఫ్రీక్వెన్సీ నుంచి పైదాకా వరసగా మోగే టోన్) వేస్తే 40 నుంచి 150 హెర్ట్జ్ దాకా పెద్ద గొయ్యి కనపడింది. పూడుద్దామని 80 దగ్గర +10 డీబీ పెట్టా, అప్పుడు బేస్ రాకపోగా వూఫర్ టపటపమని కొట్టుకోవడం మొదలెట్టింది. ఏం చేయాలో చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు_డీబీ · మే 9, రాత్రి 11:05

తమ్మీ ముందుగాల ఆ +10 తీసెయ్, తర్వాత మాట్లాడుకుందాం. 10 డీబీ లేపినవంటే ఆ ఫ్రీక్వెన్సీల ఆంప్ పది రెట్లు పవర్ ఇయ్యాలె. గంత పవర్ నీ ఆంప్‌కాడ లేదు, ఉన్నా ఆ వూఫర్ మొయ్యదు. గొయ్యి ఎందుకు పడ్డదో తెల్వకుండ పోస్తనే ఉంటే చిల్లి కుండల నీళ్ళు పోసినట్టే.

ఇంక ప్రీఆంప్ లైన్ తీసుడు పెద్ద తప్పు. ఫిల్టర్లల్ల ఏదన్న ఒకటి +4 లేపుతున్నదంటే డిజిటల్ సిగ్నల్ సున్నా డీబీ దాటి పోతది, తల తెగిపోతది. ఆ -4.2 ఎందుకు పెట్టిర్రంటే గందుకే. సౌండ్ తక్కువైతే ఆంప్ నాబ్ తిప్పు, గా లైన్ ముట్టకు. ఏపీఓ ఎడిటర్ల కింద అనాలిసిస్ అని ప్యానెల్ ఉంటది, పీక్ గెయిన్ సున్నా దాటితే ఎర్రగ సూపిస్తది, ఒక్కసారి సూడు.

ట్యూబ్‌ఆంప్_ప్రియుడు · మే 9, రాత్రి 11:31

ఇందుకే నేను ఈక్యూ జోలికి పోను. రికార్డ్ చేసిన ఇంజనీర్ పెట్టిన సౌండ్‌ని మనం సాఫ్ట్‌వేర్‌తో కెలకడం దేనికి? మంచి కేబుల్, మంచి ఆంప్ పెట్టండి, చెవితో వినండి.

సైన్‌వేవ్_అక్క · మే 10, ఉదయం 7:20

ప్రియుడు గారూ, మీరు రోజూ వినే ఎల్పీ రికార్డుకి మీ ఫోనో ప్రీఆంప్ ఆర్ఐఏఏ కర్వ్ అనే ఈక్యూ వేస్తుంది, 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 19 డీబీ లేపి 20 కిలోహెర్ట్జ్ దగ్గర అంతే దించుతుంది. స్పీకర్ డబ్బాలో వూఫర్‌కీ ట్వీటర్‌కీ సౌండ్ పంచే క్రాసోవర్ కూడా ఈక్యూనే, కాకపోతే కాయిల్, కెపాసిటర్‌తో చేశారు. కెలకని సిగ్నల్ అంటూ మీ ఇంట్లో లేదండీ, నవ్వుకుంటూనే చెప్తున్నా, ఏమనుకోకండి.

కుర్రోడు గారూ, రెండు ప్రశ్నలు. స్వీప్ వేసేటప్పుడు ఎడమ, కుడి విడివిడిగా వేశారా లేక రెండూ కలిపే వేశారా? మైకు ఎటు చూస్తోంది, కాలిబ్రేషన్ ఫైల్ (మైకు సొంత తేడాని సరిదిద్దేది) ఏది ఎక్కించారు? యూమిక్‌కి సీరియల్ నంబర్‌ని బట్టి రెండు ఫైళ్ళు వస్తాయి, మైకు స్పీకర్ వైపు ఉంటే 0 డిగ్రీలది, పైకప్పు వైపు నిలబెడితే 90 డిగ్రీలది. తారుమారైతే పైన ట్రెబుల్ తప్పుగా కనిపిస్తుంది, బేస్‌కి మాత్రం తేడా ఉండదు.

కృష్ణలంక_కుర్రోడు · మే 10, ఉదయం 8:02

రెండూ కలిపే వేశా మేడమ్. మైకు స్పీకర్ల వైపే, 0 ఫైలే. రాత్రి విడివిడిగా వేసి పెడతా, పగలు వేస్తే పక్కింటి కుక్కర్ విజిల్స్ కూడా గ్రాఫ్‌లోకి వచ్చేస్తున్నాయి 😅

మైక్‌సెట్_మావయ్య · మే 10, మధ్యాహ్నం 1:15

అబ్బాయ్, మీ ఈ గ్రాఫులూ అవీ నాకు తెలీవు, నేను తణుకు చుట్టుపక్కల పాతికేళ్ళు మైకు సెట్టు నడిపినోణ్ణి. నువ్వు రాసింది చదివితే నాకు ఒకటే అనిపించింది, ఒక డబ్బాకి వైరు తిరగబడింది. జాతరలో ఆరు డబ్బాలు వరసగా పెడితే మా కుర్రాడు ఒకదానికి ఎరుపు నలుపు మార్చి తగిలించేవోడు, అంతే, డోలు కొడితే అట్ట మీద కొట్టినట్టు ఉండేది. గొంతు మధ్యలో నిలబడట్లేదు అన్నావు చూడు, అదే గుర్తు. గోడలో లాగిన వైరు అంటున్నావు, రెండు తీగలూ ఒకే రంగేనా ఏంటి?

ఒక పెన్సిల్ సెల్ తీసుకో. ఆంప్ దగ్గర వైర్లు ఊడదీసి, ఎరుపు అనుకున్నదానికి సెల్ ప్లస్సు, నలుపుకి మైనస్సు ఇలా తాకించి తీసెయ్. వూఫర్ బయటికి పొంగితే సరిగా ఉన్నట్టు, లోపలికి పోతే తిరగబడ్డట్టు. ఒక్క క్షణం చాలు, ఎక్కువసేపు ఆనించకు.

డాలస్‌డబ్బా · మే 10, మధ్యాహ్నం 2:48

మావయ్య గారి పాయింట్ కరెక్ట్ అవ్వచ్చు, కానీ గోడల వల్ల కూడా అవ్వచ్చు. మా ఇంట్లో గోడలు జిప్సమ్ బోర్డు, బేస్ సగం అటు బయటికే పోతుంది, అందుకే మోడ్స్ (గోడల మధ్య కొన్ని ఫ్రీక్వెన్సీలు ఊగుతూ నిలిచిపోవడం) కాస్త మెత్తగా ఉంటాయి. ఇండియాలో మా నాన్నగారింట్లో అవే స్పీకర్లు పెడితే ఇటుక గోడ బేస్‌ని వదలదు, ఒక నోటు గుయ్యిమని ఊగుతూనే ఉంటుంది, పక్క నోటు అసలు వినపడదు. నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా బోర్డు గోడల ఇళ్ళ వాళ్ళు రాసినవి, మన ఇళ్ళకి అలాగే అతికించలేం.

కృష్ణలంక_కుర్రోడు · మే 10, రాత్రి 11:50

మావయ్య గారూ మీ కాళ్ళకి దండం 🙏

ముందు విడివిడిగా స్వీప్ వేశా. 80 హెర్ట్జ్ దగ్గర ఎడమ ఒక్కటే వేస్తే 78 డీబీ, కుడి ఒక్కటే 77, రెండూ కలిపి వేస్తే 66!! రెండు కలిస్తే పెరగాలి కదా తగ్గడమేంటి అని అప్పుడు సెల్ పెట్టి చూశా. ఎడమది బయటికి వచ్చింది, కుడిది లోపలికి పోయింది. గోడలో ఉన్నది కరెంటు పనికి వాడే వైరు, రెండు తీగలూ ఒకే రంగు, తగిలించింది నేనే, ఎవర్నీ అనడానికి లేదు. మార్చి పెట్టా. ఆన్ చేయగానే గొంతు వచ్చి టీవీ ముందు కూర్చుంది. నెల రోజులు తప్పు స్టీరియో విన్నానన్నమాట.

కానీ ఇప్పుడు కొత్త గొడవ. బేస్ మరీ ఎక్కువైంది, కొన్ని పాటల్లో బేస్ గిటార్‌లో ఒక్క నోటు మాత్రం కిటికీ అద్దాలు కూడా కదిలిస్తోంది. గ్రాఫ్‌లో 48 దగ్గర కొండ, చుట్టుపక్కల కన్నా 11 డీబీ పైన. 95 దగ్గర చిన్న గుట్ట. 140 దగ్గర సన్నటి లోయ.

సైన్‌వేవ్_అక్క · మే 11, ఉదయం 6:55

భలే. మావయ్య గారు గ్రాఫ్ లేకుండా పట్టుకున్నారు, మేం గ్రాఫ్ అడుగుతూ కూర్చున్నాం.

మీ అమ్మగారి మాట ఇప్పుడు అర్థమైంది చూడండి. రెండు ఎదురెదురు గోడల మధ్య మొదటి మోడ్ ఎక్కడ వస్తుందంటే ధ్వని వేగాన్ని ఆ దూరానికి రెట్టింపుతో భాగిస్తే చాలు. మీ వెడల్పు 10 అడుగులు, అంటే 3.05 మీటర్లు, 343ని 6.1తో భాగిస్తే 56 హెర్ట్జ్. ఈ మోడ్‌లో ప్రెషర్ అటు గోడ దగ్గర ప్లస్ అయితే ఇటు గోడ దగ్గర మైనస్, నడిమధ్యలో సున్నా. రెండు స్పీకర్లు ఒకే దిశలో కదిలితే ఈ మోడ్‌ని ఒకదాని పని ఒకటి కొట్టేస్తాయి. మీది తిరగబడి ఉంది కాబట్టి రెండూ కలిసి దాన్నే ఊపాయి, గోడ పక్కన కూర్చున్న అమ్మగారికి గుద్దుడు, నడిమధ్యలో కూర్చున్న మీకు సున్నా. ఆవిడ కంప్లైంటే అసలైన మెజర్‌మెంట్!

ఇప్పుడు కొత్త కొండ సంగతి. పొడవు 12 అడుగులు, 3.66 మీటర్లు, 343ని 7.32తో భాగిస్తే 46.9. దాని రెట్టింపు 94. మీ రెండు గుట్టలూ అవే. సోఫా వెనక గోడకి ఆనించి ఉంది కాబట్టి ఈ మోడ్ మీ తల దగ్గర పూర్తి బలంతో ఉంటుంది. సోఫా మూడడుగులు ముందుకి జరిపితే 3 డీబీ దాకా తగ్గుతుంది, ఒక్క అడుగు జరిపితే మాత్రం ఏమీ తేలదు.

కృష్ణలంక_కుర్రోడు · మే 11, ఉదయం 9:10

మూడడుగులు జరిపితే తలుపు తెరుచుకోదు మేడమ్. ఇంకోటి, లెక్క 46.9 అంటున్నారు, నాకు 48 దగ్గర వచ్చింది, టేపు పెట్టి రెండుసార్లు కొలిచా, 12 అడుగులే. మైకు తప్పా?

ఓరుగల్లు_డీబీ · మే 11, ఉదయం 9:44

ఫ్యాన్ బందు చేసి కొలిచినవా?

కృష్ణలంక_కుర్రోడు · మే 11, ఉదయం 9:46

అవునన్నా, ఫ్యాను, ఏసీ అన్నీ ఆపి. చెమటలు కారిపోయాయి. బెజవాడలో మే నెల సంగతి తెలుసుగా.

ఓరుగల్లు_డీబీ · మే 11, ఉదయం 10:02

గదే మరి. 343 మీటర్లన్నది 20 డిగ్రీల లెక్క. నీ రూముల 35 ఉంటే ధ్వని 352 దాకా ఉరుకుతది, భాగించి సూడు, 48.1 వస్తది. నీ మైకు మంచిగనే ఉన్నది, నీ ఎండలే తేడా 😂 ఏసీ ఏసుకొని పాటలు వింటవ్ కదా, గప్పుడు కొండ జర కిందికి జరుగుతది. అందుకే ఫిల్టర్ మరీ సన్నగ పెట్టకు. కొలిచేటప్పుడు గంటసేపు ఏసీ ఏసి, స్వీప్ ముంగట ఆపి కొలువు. ఫ్యాన్ మాత్రం తిరగనియ్యకు, దాని గాలి మైకుకు తగిలి 50 కింద గ్రాఫ్ మొత్తం గలీజ్ చేస్తది. ఫ్యాన్ ఆపినా చప్పుడు ఉంటే స్వీప్ పొడుగు పెంచు, రెట్టింపు చేసినప్పుడల్లా నాయిస్ మీద 3 డీబీ లాభం వస్తది.

ఇప్పుడు ఈక్యూ. గుట్టలను కోయొచ్చు, లోయలను పూడ్వద్దు, ఇది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. నీ 140 లోయ ఏందంటే స్పీకర్ ముందు మొహానికి ఎనుక గోడకు మధ్య దూరం సుమారు రెండడుగులు ఉంటది, అవునా? స్పీకర్ నుంచి బేస్ ఎనుకకు కూడా పోతది, గోడకు తాకి తిరిగొచ్చేసరికి సగం తరంగం లేటైతది, ముందటిదాన్ని కొట్టేస్తది. దూరానికి నాలుగు రెట్లతోని 343ని భాగిస్తే 0.61 మీటర్లకు 140. నువ్వు అక్కడ 6 డీబీ లేపితే గోడ నుంచి వచ్చేది కూడా 6 డీబీ లేస్తది, కొట్లాట అట్లనే ఉంటది. స్పీకర్‌ను గోడకు ఇంక దగ్గర జరిపితే లోయ పైకి పోయి పల్చబడతది. ఎనుక పోర్ట్ (గాలి రంధ్రం) ఉంటే మాత్రం పూర్తిగ ఆనించకు, నాలుగైదు అంగుళాలు వదులు.

ఆర్ఈడబ్ల్యూల ఈక్యూ విండో తెరువు, ఈక్వలైజర్ జెనరిక్ పెట్టు, మ్యాచ్ రేంజ్ 20 నుంచి 300, మాక్సిమమ్ బూస్ట్ సున్నా. టార్గెట్ లైను గుట్టల మీదికెళ్ళి కాకుండ సగటు మీదికెళ్ళి పోయేటట్టు దించు. ఫిల్టర్లు మూడు నాలుగు వస్తే చాలు, పదిహేను వచ్చినయంటే అది నీ సోఫా మీద ఒక్క అంగుళం జాగకే పనిచేస్తది. అందుకే మైకు తల చుట్టూ ఐదారు చోట్ల పెట్టి కొలిచి సగటు తియ్యి.

కడప_బాక్స్ · మే 11, మధ్యాహ్నం 12:30

అన్నా మధ్యలో వస్తాండా ఏమనుకోవద్దండి. ఈ మైకు కొనే స్తోమత ఇప్పుడు ల్యాదు. ఫోన్లో ఉండే మైకుతో అయితాదా?

డాలస్‌డబ్బా · మే 11, మధ్యాహ్నం 3:20

బేస్‌ని ఫోను మైకు సరిగా చూడదు బ్రో, మాట్లాడ్డానికి చేసింది కదా, చాలా ఫోన్లు కింద కోసేస్తాయి. కానీ కర్వ్ కచ్చితంగా లేకపోయినా పోల్చుకోవడానికి పనికొస్తుంది, ఎడమ ఎంత, కుడి ఎంత, సోఫా జరిపితే ఆ గుట్ట తగ్గిందా లేదా, ఇలాంటివి. ట్రెబుల్‌ని మాత్రం ఫోను చూసి దిద్దకండి.

కృష్ణలంక_కుర్రోడు · మే 11, రాత్రి 11:58

అప్‌డేట్. స్పీకర్లు గోడ వైపు జరిపా, ఇప్పుడు ముందు మొహం నుంచి గోడకి అడుగున్నర. లోయ 190 దగ్గరకి పోయింది, లోతు తగ్గింది. ఆరు చోట్ల సగటు తీసి ఆర్ఈడబ్ల్యూ ఇచ్చిన ఫిల్టర్లు ఏపీఓలో వేశా. ఫిల్టర్లు ఆన్ చేసి మళ్ళీ కొలిస్తే గ్రాఫ్ ఒక్క గీత కూడా మారలేదు! చెవికి మాత్రం తేడా క్లియర్‌గా తెలుస్తోంది. ఇదేం మాయ?

సైన్‌వేవ్_అక్క · మే 12, ఉదయం 7:05

ఆర్ఈడబ్ల్యూలో ఔట్‌పుట్ డివైజ్ పేరు ముందు ఎక్స్‌క్లూజివ్ అన్న గుర్తు ఉందేమో చూడండి. ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో, ఏసియో డ్రైవర్‌లో సిగ్నల్ విండోస్ మిక్సర్‌ని దాటేసి నేరుగా డాక్‌కి పోతుంది, ఏపీఓ దారిలోనే ఉండదు. మామూలు డివైజ్ ఎంచుకుని కొలవండి. పాటలు వినే ప్లేయర్‌లో కూడా ఇదే చూసుకోండి, లేకపోతే ఈక్యూ ఉందనుకుంటూ లేకుండానే వింటుంటారు.

కృష్ణలంక_కుర్రోడు · మే 12, ఉదయం 8:15

అదే మేడమ్! మార్చగానే వచ్చింది. 48 దగ్గర -8.5, క్యూ (ఫిల్టర్ ఎంత సన్నగా ఉందో చెప్పే అంకె) 5. 95 దగ్గర -4, క్యూ 4. 62 దగ్గర చిన్నది -2.5. అంతే, మూడే. వాటర్‌ఫాల్ గ్రాఫ్‌లో (సౌండ్ ఆరిపోడానికి ఎంతసేపు పడుతుందో చూపేది) 48 దగ్గర తోక కూడా పొట్టిదైంది, అది ఎందుకు తగ్గిందో అర్థం కాలేదు, ఈక్యూ లెవెల్ మాత్రమే కదా మార్చేది?

సైన్‌వేవ్_అక్క · మే 12, ఉదయం 8:40

గది మోడ్ కూడా ఒక రెజొనెన్సే, దానికి సరిగ్గా అద్దం బొమ్మలాంటి ఫిల్టర్ పెడితే లెవెల్‌తో పాటు ఊగడం కూడా తగ్గుతుంది, మినిమమ్ ఫేజ్ అంటారు. ఫ్రీక్వెన్సీ, క్యూ రెండూ కుదిరితేనే. మీరు కూర్చునే చోటే, మిగతా గదిలో హామీ లేదు.

ట్యూబ్‌ఆంప్_ప్రియుడు · మే 12, ఉదయం 10:22

బేస్ వరకు ఒప్పుకుంటా, గది తప్పుని దిద్దుతున్నారు. పైన ఆ సైట్ ఇచ్చిన పన్నెండు ఫిల్టర్లు దేనికి? ఎవరి రూమో, ఎక్కడ కొలిచారో.

సైన్‌వేవ్_అక్క · మే 12, మధ్యాహ్నం 1:34

మంచి ప్రశ్న, దీనికి కొంచెం పెద్ద జవాబు రాయాలి.

అక్కడ ఏ రూమూ లేదండీ. క్లిపెల్ నియర్ ఫీల్డ్ స్కానర్ అని ఒక యంత్రం ఉంటుంది, మైకుని ఒక చెయ్యి పట్టుకుని స్పీకర్ చుట్టూ దగ్గరగా వందల చోట్ల తిప్పుతుంది, ఆ డేటా నుంచి గది ప్రభావాన్ని లెక్కతో విడదీసి, స్పీకర్ ఒక్కటే గాల్లో ఉంటే ఎటు ఎంత సౌండ్ పోతుందో చెప్తుంది. ఆ గ్రాఫ్‌నే స్పినోరమా అంటాం, దానికి సీటీఏ-2034 అని స్టాండర్డ్ కూడా ఉంది. అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు, 10 డిగ్రీలకొకటి చొప్పున 70 కొలతలు. మూలం ఫ్లాయిడ్ టూల్ గారు కెనడా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్ఆర్సీలో, ఆ తర్వాత హర్మన్ అనే ఆడియో కంపెనీలో చేసిన పని. తెర వెనక స్పీకర్లు పెట్టి జనానికి వినిపిస్తే ఎదుట ఫ్లాట్‌గా, పక్కలకి నున్నగా తగ్గే స్పీకర్లనే ఎక్కువమంది ఇష్టపడ్డారని తేలింది.

ఇప్పుడు ఫిల్టర్ పెట్టాలా వద్దా అన్నది ఆ గీతల్ని చూసి తేల్చుకోవాలి. కుర్రోడు గారి స్పీకర్‌కి 1.2 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక గూని ఉంది, అది ఎదుటి గీతలో ఉంది, లిజనింగ్ విండోలో (ఎదురుకి కాస్త అటూ ఇటూ సగటు) ఉంది, సౌండ్ పవర్‌లోనూ (అన్ని దిక్కులకీ పోయే మొత్తం) ఉంది. అన్నిట్లో ఉందంటే అది డబ్బాదో కోన్‌దో రెజొనెన్స్, ఈక్యూతో తీసేయొచ్చు, తీసేస్తే అన్ని దిక్కులకీ పోతుంది. అదే 2.8 కిలోహెర్ట్జ్ దగ్గర ఎదుటి గీతలో చిన్న పల్లం, కానీ పక్కలకి పోయే సౌండ్ అక్కడే ఉబ్బింది. అది వూఫర్ నుంచి ట్వీటర్‌కి మారే చోటు, ట్వీటర్ పక్కలకి ఎక్కువ వెదజల్లుతోంది. పల్లం పూడిస్తే ఉబ్బు ఇంకా పెరుగుతుంది, ఉబ్బు దించితే ఎదురు ఇంకా పల్లమవుతుంది. ఏ ఈక్యూ దీన్ని సరిచేయలేదు, వదిలేయాలి. ఆటోమేటిక్‌గా ఫైల్ చేసిన ప్రోగ్రామ్ తనకిచ్చిన లెక్క ప్రకారం స్కోరు పెంచడానికి చూస్తుంది, అందుకే పన్నెండు ఫిల్టర్లు వచ్చాయి. అందులో నాకు నచ్చినవి నాలుగే.

నేను చేసే పద్ధతి ఇది. సుమారు 300 పైన స్పిన్ డేటా, 300 కింద మన గది కొలత. ఆ హద్దు ష్రోడర్ ఫ్రీక్వెన్సీ అన్నమాట, రివర్బ్ టైమ్‌ని (గదిలో సౌండ్ ఆరిపోడానికి పట్టే సమయం) గది ఘనపరిమాణంతో భాగించి వర్గమూలం తీసి 2000తో గుణిస్తే వస్తుంది. కుర్రోడు గారి గది 34 ఘనపు మీటర్లు, రివర్బ్ 0.6 సెకన్లు అనుకుంటే 266 హెర్ట్జ్. పైన గది కొలత చూసి దిద్దకపోవడానికి కారణం, మైకు ఎదుటి నుంచి వచ్చేదీ గోడ మీంచి వచ్చేదీ అన్నీ కలిపి ఒక గీత గీస్తుంది, మన చెవి మాత్రం ముందొచ్చింది వేరు, గోడ మీంచి వచ్చింది వేరు అని పట్టుకుంటుంది. మైకు గీత సాఫుగా కావాలని తిప్పితే స్పీకర్ ఎదుటి సౌండ్ వంకరవుతుంది.

ఓరుగల్లు_డీబీ · మే 12, సాయంత్రం 5:10

అక్క చెప్పింది ఒక్కటి తప్ప అంతా ఒప్పుకుంట. స్పిన్ డేటా ఉన్నోళ్ళకు సరే, లేనోళ్ళు ఏం చెయ్యాలె? నేను నా సొంత డబ్బాలకు మేడ మీద కొలిచిన. రాత్రి పన్నెండు దాటినంక స్టూల్ మీద స్పీకర్, నేల నుంచి 1.2 మీటర్లు, మైకు మీటర్ దూరం. నేల నుంచి తిరిగొచ్చే సౌండ్ 1.6 మీటర్లు ఎక్కువ తిరుగుతది, అంటే 4.7 మిల్లీసెకన్లు లేటు. గంతవరకే ఉంచి మిగతాది గేట్ పెట్టి కోసేస్తే 215 హెర్ట్జ్ పైన అంతా స్పీకర్‌దే. క్లిపెల్ కాదు, కని సాలు. 10 డిగ్రీలకోసారి స్పీకర్‌ను తిప్పుకుంట కొలిచిన. కింద వాచ్‌మెన్ దొంగనుకొని టార్చి ఏసిండు, గది వేరే కథ.

సైన్‌వేవ్_అక్క · మే 12, సాయంత్రం 5:31

ఒప్పుకున్నా, ఒప్పుకున్నా. డేటా లేకపోతే అదే దారి. కానీ అది చేసే ఓపిక వందలో ఒకరికి ఉంటుందేమో.

మైక్‌సెట్_మావయ్య · మే 12, రాత్రి 8:47

మేం 31 బ్యాండ్ల గ్రాఫిక్ పెట్టుకుని, మైకు కూత పెట్టేదాకా వాల్యూమ్ పెంచి, ఏ బ్యాండు దించితే కూత ఆగుతుందో చూసి అది దించేవాళ్ళం. మీరు చేసేదీ అదే పనిలా ఉంది, కాకపోతే కూత లేకుండా. ఒకటి అడుగుతా అబ్బాయ్, ఫ్లాట్ ఫ్లాట్ అంటున్నారు, బేస్ కూడా ఫ్లాటుగా కోసేస్తే పాటలో పస ఏముంటది?

డాలస్‌డబ్బా · మే 12, రాత్రి 9:30

ఫ్లాట్ అనేది స్పీకర్‌కి, గదిలో కొలిస్తే ఫ్లాట్ రాకూడదు మావయ్యా. మంచి స్పీకర్‌ని గదిలో పెడితే బేస్ నుంచి ట్రెబుల్‌కి గీత దానంతటదే వాలుగా దిగుతుంది, ఎందుకంటే ట్రెబుల్ ఎదుటికే పోతుంది, బేస్ అన్ని వైపులకీ పోయి గదిని నింపుతుంది. నేను 200 కింద 4, 5 డీబీ ఎక్కువే ఉంచుకుంటా. మా ఆవిడకి 3 చాలు. ఇక్కడ రూలు లేదు, రుచే.

కృష్ణలంక_కుర్రోడు · మే 14, రాత్రి 10:20

ఫైనల్‌గా ఇలా సెటిల్ అయ్యా. రూమ్ ఫిల్టర్లు మూడు, 48 దగ్గర కోత -8.5 నుంచి -7కి తగ్గించా, మావయ్య గారి పస కోసం. స్పిన్ ఫైల్ నుంచి నాలుగు, 1.2 కిలోహెర్ట్జ్ -2.3 క్యూ 4, 520 దగ్గర -1.2, 4.5 కిలోహెర్ట్జ్ దగ్గర -1, 9 కిలోహెర్ట్జ్ దగ్గర +1.5 వెడల్పుగా. ప్రీఆంప్ -2 పెట్టా, ఈసారి తీయలేదు 😄 190 లోయ అలాగే వదిలేశా. స్పిన్ ఫిల్టర్లు రెండు స్పీకర్లకీ ఒకటే, బేస్‌వి మాత్రం రెండూ కలిపి కొలిచిన సగటు మీద పెట్టా, అది కరెక్టేనా?

ఓరుగల్లు_డీబీ · మే 14, రాత్రి 10:52

కరెక్టే. బేస్ పాటలల్ల ఎక్కువగ రెండు దిక్కులా ఒక్కటే ఉంటది, కలిపి కొలిచిందే నువ్వు వినేది. ఎడమ కుడి వేర్వేరు దిద్దుడు మొదలు పెట్టినవంటే నిద్ర పోవు.

కృష్ణలంక_కుర్రోడు · ఆగస్టు 3, రాత్రి 9:36

అన్నా, అక్కా, మావయ్యా, మళ్ళీ వచ్చా. నిన్నటి నుంచి 48 గుద్దుడు మళ్ళీ మొదలైంది. వైరు చూశా, సెల్ పెట్టి మరీ చూశా, బాగానే ఉంది. ఏమీ ముట్టుకోలేదు. కంప్యూటర్ అప్‌డేట్ అయింది అంతే.

సైన్‌వేవ్_అక్క · ఆగస్టు 3, రాత్రి 9:58

ఆ అప్‌డేటే. విండోస్, సౌండ్ డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడు ఒక్కోసారి ఏపీఓ డివైజ్ నుంచి ఊడిపోతుంది. దాని డివైజ్ సెలెక్టర్ (పాత వెర్షన్లలో కాన్ఫిగరేటర్) తెరిచి మీ డాక్ పక్కన మళ్ళీ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. ఫిల్టర్ల ఫైల్ ఎక్కడికీ పోదు, అయినా ఒక కాపీ పెట్టుకోండి.

కృష్ణలంక_కుర్రోడు · ఆగస్టు 3, రాత్రి 10:15

టిక్కే ఎగిరిపోయింది. పెట్టా, సెట్ అయింది. మెజర్ చేయకుండానే ముందు పట్టుకుంది మళ్ళీ మా అమ్మే.